బస్సు తలుపు ఎటు వైపు?

హైదరాబాదు

తమ్ముడూ,

నీ మెసేజీ చదివాను. ఫోనులో రెండు ముక్కలు కొట్టి పంపితే నీకు చాలదని కూర్చుని ఉత్తరం రాస్తున్నాను. నువ్వు అడిగినవి రెండు. జాబితా రాసి పంపిన ఏడు సాఫ్ట్‌వేర్లలో ఏది కొనాలి అన్నది ఒకటి. శ్రీకృష్ణదేవరాయలు ఉదయగిరి కోటను గజపతుల నుంచి గెలుచుకున్న కథను పది నిమిషాల యానిమేషన్‌గా చేయాలంటే ఎన్నాళ్ళు పడుతుంది అన్నది రెండోది. నా జవాబు: ఏదీ కొనొద్దు, ఆ కథను ఇప్పుడే ముట్టుకోవద్దు. ఎందుకో చెబుతాను, కోపం తెచ్చుకోకుండా చివరిదాకా చదువు.

కోట కథ మంచిదే. ఏడాదికి పైగా సాగిన ముట్టడి, 1514లో కోట లొంగిపోవడం, అంతా మన కొండల్లో జరిగిన సంగతి. నీలాంటి జలదంకి పిల్లవాడు తీయకపోతే ఇంకెవరు తీస్తారు దాన్ని? కానీ లెక్క చూడు. తెర మీద సెకనుకు 24 ఫ్రేములు నడుస్తాయి. పది నిమిషాలకు 14,400 ఫ్రేములు. ఒక్కో బొమ్మను రెండేసి ఫ్రేముల పాటు నిలబెడితే, చేత్తో గీసేవాళ్ళు ఎక్కువగా చేసేది అదే, అప్పుడు కూడా 7,200 బొమ్మలు. ఒక్కో బొమ్మలో నువ్వు రాసుకున్న ఏనుగులు, గుర్రాలు, కాల్బలం. ఇంటర్ రెండో సంవత్సరం చదువుతూ నువ్వొక్కడివే చేసే పని కాదిది. సగం ఏనుగుతో ఆగిపోయి, నాకు యానిమేషన్ రాదు అనుకుని లాప్‌టాప్ మూసేస్తావు. అట్టా మూసేసిన వాళ్ళను ఈ ఊళ్ళో చాలామందిని చూశాను. చేయి తిరగక మూసేసిన వాళ్ళు తక్కువ, మొదటి కథే మోయలేనంత పెద్దది ఎత్తుకున్న వాళ్ళు ఎక్కువ.

ఇరవై సెకన్లు చెయ్యి. 480 ఫ్రేములు, 240 బొమ్మలు. వాటిలో కదలని బొమ్మలు, మళ్ళీ మళ్ళీ వాడుకునే బొమ్మలు తీసేస్తే గీయాల్సినవి ఇంకా తగ్గుతాయి. మొదలు, మలుపు, ముగింపు ఉన్న ఇరవై సెకన్లు. అది పూర్తయ్యాక కోట దగ్గరికి పోదాం, నేనూ వస్తాను.

ఇక సాఫ్ట్‌వేరు. నీ దగ్గర ఉన్నది కాలేజీ కోసం కొన్న మామూలు లాప్‌టాప్. దానికి క్రిటా చాలు. పూర్తిగా ఉచితం, దొంగ కాపీ అక్కర్లేదు. బొమ్మ గీయడానికి, ఫ్రేము తర్వాత ఫ్రేము పేర్చడానికి పనికొస్తుంది. 2021 చివర్లో వచ్చిన అయిదో వెర్షన్ నుంచి అందులోనే స్టోరీబోర్డు వేసుకునే ఏర్పాటు కూడా ఉంది. గళ్ళు, వాటి కింద మాటలు, ఒక్కో గడికి ఎన్ని సెకన్లు అన్నీ అక్కడే రాసుకోవచ్చు. దీని మీద చేయి కుదిరాక బ్లెండర్‌కి వెళ్ళు. అదీ ఉచితమే. 2002లో దాన్ని అందరికీ ఇచ్చేయడానికి లక్ష యూరోలు కావాలంటే, వాడేవాళ్ళే ఏడు వారాల్లో చందాలు పోగేశారు. ఇప్పుడు దాన్ని నడిపే సంస్థ ఆమ్‌స్టర్‌డామ్‌లో ఉంది. లాత్వియా దేశపు గింట్స్ జిల్బలోడిస్ తన 'ఫ్లో' సినిమాను బ్లెండర్‌లోనే చేసి 2025లో ఆస్కార్ అందుకున్నాడు. ఓపెన్‌టూంజ్ అని ఇంకొకటి ఉంది, జపాన్‌లో జిబ్లీ స్టూడియో వాళ్ళు వాడిన టూంజ్‌ను 2016లో ఉచితంగా విడుదల చేశారు. మంచిదే, కానీ నీకు ఇప్పుడు మూడోది వద్దు. ఒకదాని నుంచి ఇంకొకదానికి దూకుతూ ఉంటే మెనూలు వస్తాయి, యానిమేషన్ రాదు. డబ్బు పెట్టాలనిపిస్తే తెర లేని చిన్న పెన్ టాబ్లెట్ ఒకటి కొనుక్కో. దానికి మించి నాన్న చేత ఒక్క రూపాయి ఖర్చు పెట్టించకు. కలిగిరి పొగాకు వేలం కేంద్రంలో ఈ ఏడు ధర ఎట్టా పలికిందో నీకూ తెలుసు.

నాన్నకు తెలియని ఖర్చులు ఇంకో రకం ఉన్నాయి. ఆరు నెలల్లో అన్ని సాఫ్ట్‌వేర్లూ నేర్పి ఉద్యోగం చూపిస్తామనే బోర్డులు ఇక్కడ ప్రతి సెంటర్లోనూ కనిపిస్తాయి. చేరేముందు ఒక్క మాట అడుగు: మీ పిల్లలు మొదటి నెలలో వేసిన స్టోరీబోర్డులు చూపిస్తారా? చూపించలేకపోతే లేచి వచ్చేయ్.

ఎందుకంటే పనంతా ఆ స్టోరీబోర్డులోనే ఉంది. మన సినిమా వాళ్ళలో ఎవరు చక్కగా తీశారో వాళ్ళంతా ముందు కాగితం మీద తీసినవాళ్ళే. బాపు గారు షూటింగుకు పోయే ముందే షాటు షాటుకూ బొమ్మ వేసుకునేవారు. కెమెరా ఎక్కడుండాలి, సీత ఎటు తిరిగి కూర్చోవాలి, పైన ఎంత ఆకాశం వదలాలి, అన్నీ ఆ బొమ్మలోనే తేలిపోయేవి. 'సంపూర్ణ రామాయణం' ఇంకోసారి చూడు, ఏ ఫ్రేము దగ్గర ఆపినా గోడకు తగిలించుకోవచ్చు. కె.వి.రెడ్డి గారు ఇంకో దారి. స్టాప్‌వాచీ పట్టుకుని ఏ సీను ఎంతసేపు నడుస్తుందో ముందే కొలుచుకునేవారు. ఆయన దగ్గర 'మాయాబజార్'కు సహాయకుడిగా పనిచేసిన కుర్రవాడు ఎవరో తెలుసా? మన ఉదయగిరిలో 1931లో పుట్టిన సింగీతం శ్రీనివాసరావు గారు. నువ్వు బస్సెక్కి పోయే ఊరు. ఆయన 1987లో 'పుష్పక విమానం' తీశారు, మొత్తం సినిమాలో ఒక్క మాట లేదు. 2008లో 'ఘటోత్కచ' యానిమేషన్ సినిమాకు దర్శకత్వం వహించేనాటికి ఆయన వయసు డెబ్భై దాటి చాలా ఏళ్ళయింది. 'పుష్పక విమానం' ఈ సెలవుల్లో చూడు. ఒకసారి కథ కోసం, ఇంకోసారి పెన్సిలు పట్టుకుని. షాటు మారినప్పుడల్లా ఆపి, చిన్న గడిలో బొమ్మ గీసుకో. పది నిమిషాల సినిమాకు అట్టా గీస్తే చాలు, మాట లేకుండా సంగతి ఎట్టా చెబుతారో నీ చేతికే తెలుస్తుంది.

నువ్వు వెంటనే ఎదురు అడుగుతావు, ఆ 'ఫ్లో' తీసినాయన స్టోరీబోర్డు గీయలేదంట కదక్కా అని. నిజమే, గీయలేదు. కంప్యూటర్లోనే ముతక బొమ్మలు నిలబెట్టి, కెమెరాను తిప్పి తిప్పి చూసుకుని సినిమా మొత్తాన్ని ముందుగా ఒకసారి పేర్చుకున్నాడు. అంటే ఆలోచన మానలేదు, పెన్సిలు బదులు కెమెరా పట్టుకున్నాడు. అంతకుముందు ఏళ్ళ తరబడి పొట్టి సినిమాలు చేసి, 2019లో 'అవే' అనే పూర్తి సినిమాను ఒంటరిగా చేసిన మనిషి ఆయన. నీకు ఇప్పుడు పెన్సిలే దగ్గర దారి.

సరే, మన ఇరవై సెకన్ల కథ. నీకోసం ఒకటి అనుకున్నాను, నచ్చకపోతే మార్చుకో. జలదంకి రోడ్డు మీద పల్లెవెలుగు బస్సు వస్తోంది. గొర్రెల మంద అడ్డం పడింది, బస్సు ఆగింది. మంద దాటిపోయింది, ఒక్క పిల్ల మాత్రం రోడ్డు నడిమధ్య నిలబడిపోయి బస్సును చూస్తోంది. డ్రైవరు హారన్ కొట్టినా కదలదు. ఈలోపు మూట చంకన పెట్టుకున్న అవ్వ ఒకామె పరిగెత్తుకుంటూ వచ్చి బస్సెక్కింది. అప్పుడు గొర్రెపిల్ల చెంగున దూకి పోయింది. అంతే. పిల్ల కావాలనే బస్సును ఆపిందా, ఊరికే నిలబడిందా అన్నది చూసేవాళ్ళకు వదిలేద్దాం.

ఇది విన్నంత తేలిగ్గా తెర మీదికి రాదు. గీయడం మొదలుపెట్టు, తెలుస్తుంది. నువ్వు నూటికి తొంభై పాళ్ళు బస్సును ఎడమ నుంచి కుడికి పోయేటట్టు గీస్తావు, చదివే అలవాటు అది. బస్సు కుడికి పోతోందంటే మనకు కనబడేది దాని కుడి పక్క, డ్రైవరు కూర్చునే పక్క. మన దేశంలో బస్సు తలుపు ఎడమ పక్కన ఉంటుంది. మరి అవ్వ ఎక్కేది ఎక్కడ? కనపడదు! బస్సు అవతలి పక్కకు చుట్టి పోవాలి. కథకు ప్రాణమైన షాటు మాయమైపోయింది. కాబట్టి బస్సు కుడి నుంచి ఎడమకే రావాలి, తలుపు మన వైపుకు ఉండాలి. కాగితం మీద ఈ సంగతి తెలుసుకోవడానికి అయ్యే ఖర్చు ఒక రబ్బరు గీత. బస్సంతా గీసి, రంగులేసి, చక్రాలు తిప్పి, మూడు వారాలు గడిచాక తెలిస్తే ఏడుపొస్తుంది. స్టోరీబోర్డు ఎందుకురా అని నిన్ను ఎవరన్నా అడిగితే ఆ తలుపు సంగతి చెప్పు.

బస్సు ఎడమకు పోతోంది కాబట్టి అవ్వ ఎడమ నుంచి కుడికి రావాలి. ఇద్దరూ తెర మీద ఎదురెదురుగా ఉంటేనే, వీళ్ళు కలుసుకోబోతున్నారు అన్న ఆత్రం చూసేవాళ్ళకు కలుగుతుంది. అవ్వను కూడా ఎడమకే పరిగెత్తించావంటే బస్సు వెనక పడినట్టు ఉంటుంది, అది వేరే కథ. ఒక షాటులో ఎడమకు పోతున్న బస్సు ఇంకో షాటులో కుడికి తిరిగితే, అది రెండో బస్సు అనుకుంటారు. కెమెరా రోడ్డుకు ఒక పక్కనే ఉండాలి, గీత దాటి అవతలికి పోకూడదు. సినిమా వాళ్ళు నేర్చుకునే మొదటి పాఠాల్లో ఇదొకటి.

ఇంకో చిక్కు. కెమెరా రోడ్డు పక్కన ఉంటే, రోడ్డు దాటే గొర్రెలు మనకు వీపు చూపించి అవతలికి పోతాయి. నడిచే గొర్రెను వెనక నుంచి గీయడం నాకే కష్టం, నీకు ఇప్పుడే వద్దు. ఈ ఒక్క షాటుకు కెమెరాను బస్సులోకి, డ్రైవరు వెనక్కి తీసుకుపో. ముందు అద్దంలోంచి చూస్తే గొర్రెలు ఎడమ నుంచి కుడికి, పక్కవాటంగా నడుస్తూ కనిపిస్తాయి. ఒకే గొర్రె నడకను గీసి, కొంచెం ముందూ వెనకా చేసి, సైజు మార్చి ఇరవై గొర్రెలుగా వాడుకోవచ్చు. పైగా డ్రైవరు ఏం చూస్తున్నాడో మనమూ అదే చూస్తున్నాం కాబట్టి అతని చిరాకు మనకూ అంటుతుంది. పని తగ్గింది, కథా బాగుపడింది. ఇట్టాంటివి కాగితం మీదే దొరుకుతాయి, సాఫ్ట్‌వేరులో ఏ బటను నొక్కినా దొరకవు.

అవ్వను ఉన్నట్టుండి ఊడిపడేలా చేయకు. మొదటి షాటులోనే, దూరంగా, ఎడమ మూల చిన్నగా అవ్వ కనపడాలి. పొలం గట్టు మీద మూటతో వస్తున్న ఒక చుక్కలాగా. అప్పుడెవరూ పట్టించుకోరు. తర్వాత ఆమె పరిగెత్తుకుంటూ వచ్చినప్పుడు, అరే ఇందాకటి అవ్వ, అనుకుంటారు.

ఇక నిడివి పంచుదాం. బస్సు రావడం, ఆగడం మూడు సెకన్లు. అద్దంలోంచి మంద నాలుగు. పిల్ల ఒంటరిగా నిలబడటం రెండు. హారన్ మీద డ్రైవరు చెయ్యి రెండు. పిల్ల మొహం దగ్గరగా రెండు. అవ్వ పరుగు మూడు. ఎక్కడం రెండు. పిల్ల దూకడం, బస్సు కదలడం రెండు. ఎనిమిది షాట్లు, మొత్తం ఇరవై. ఒక్కో షాటుకు ఒక గడి చాలకపోవచ్చు, కదలిక మొదట్లో ఒకటి, చివర్లో ఒకటి గీసుకో. బొమ్మలు అందంగా ఉండక్కర్లేదు. మనిషికి గుండ్రం తల, పుల్ల చేతులు చాలు. ఎటు కదులుతుందో బాణం గుర్తు, గడి కింద ఏం వినపడాలో ఒక ముక్క, ఎన్ని సెకన్లో ఒక అంకె.

గీశాక నాయనమ్మకు చూపించు. నువ్వు నోరు మూసుకుని కూర్చో, ఒక్క మాట వివరించకు. ఆమె గళ్ళు చూస్తూ కథ నీకు తిరిగి చెప్పగలిగితే బోర్డు కుదిరినట్టు. 'ఈ ముసల్ది యాడ నుంచి వచ్చింది?' అని అడిగితే ఆ గడి మళ్ళీ గీయి.

తర్వాత గళ్ళను ఫోటో తీసి, టైమ్‌లైన్ మీద ఒక్కోటీ దాని సెకన్లకు సరిపడా పరచి, ఫోనులో రికార్డు చేసిన హారన్, గొర్రెల అరుపు కింద పెట్టు. దీన్ని యానిమాటిక్ అంటారు. కదలని బొమ్మలే, కానీ సినిమా నడక తెలిసిపోతుంది. హారన్ రెండు సెకన్లు చాలదనిపిస్తుంది, మంద నాలుగు సెకన్లు విసుగనిపిస్తుంది. అక్కడ కోయి, ఇక్కడ పెంచు. ఆ మార్పులన్నీ అయ్యేదాకా ఒక్క ఫ్రేము కూడా శుభ్రంగా గీయొద్దు. శబ్దాలు ఇంటర్నెట్టులో వెతక్కు, రోడ్డు మీద నిలబడి నువ్వే పట్టుకో. పల్లెవెలుగు బస్సు బ్రేకు వేసినప్పుడు చేసే చప్పుడు మన ఊళ్ళో అందరికీ తెలుసు, అది వినపడగానే సగం బొమ్మ వాళ్ళే ఊహించుకుంటారు.

ఇప్పుడు గొర్రె గురించి చెప్పాలి. నువ్వు ఏఐతో చేయించి పంపిన క్లిప్పు చూశాను. నెల్లూరు గొర్రె అని టైపు చేశానన్నావు, దూదిపింజల్లాంటి ఉన్నితో, పొట్టి కాళ్ళతో, నల్ల మొహంతో ఒక సీమగొర్రె వచ్చింది. నువ్వు దాన్ని చూసి భలే ఉందన్నావు. తమ్ముడూ, నువ్వు నెల్లూరు గొర్రెల మధ్య పుట్టినవాడివి. దేశంలో ఉన్న గొర్రె జాతులన్నిటిలోకీ పొడుగైనది మనది. ఒంటి మీద ఉన్ని ఉండదు, మేకకు ఉన్నట్టు పొట్టి వెంట్రుకలు. పొడుగాటి కాళ్ళు, వేలాడే పెద్ద చెవులు, మెడ కింద రెండు చిన్న తిత్తులు. తెల్లగా ఉంటే పల్ల, గోధుమరంగైతే డోర, తెల్ల ఒంటి మీద కళ్ళ చుట్టూ మూతి దగ్గర నల్ల మచ్చలుంటే జోడిపి. జోడిపి పిల్ల మొహం చూడు, కాటుక పెట్టి వదిలినట్టే ఉంటుంది. కళ్ళ చుట్టూ నలుపు ఉంటే దూరం నుంచి కూడా చూపు ఎటుందో తెలుస్తుంది. పాత్రను తయారుచేసేవాళ్ళు కష్టపడి తెచ్చుకునే గుణం అది, మన గొర్రెకు పుట్టుకతోనే ఉంది. నీ కథానాయిక జోడిపి పిల్లే కావాలి.

మంద వెంట రెండు రోజులు తిరుగు. ఫోనులో పక్కవాటంగా వీడియో తీసి, నెమ్మదిగా నడిపించి చూడు. నడిచేటప్పుడు ఏ కాలు తర్వాత ఏ కాలు లేస్తుందో రాసుకో. ఎడమ వెనకకాలు, ఎడమ ముందుకాలు, కుడి వెనకకాలు, కుడి ముందుకాలు, ఆ వరసలో వస్తుంది. తల ఎప్పుడు కిందికి దిగుతుంది, చెవులు తల తర్వాత ఎంత ఆలస్యంగా ఊగుతాయి చూడు. దూకే ముందు పిల్ల వెనక కాళ్ళ మీద కొంచెం కుంగుతుంది. ఆ కుంగడం గీయకపోతే దూకుడుకు బలం రాదు. డిస్నీ వాళ్ళ దగ్గర పనిచేసిన ఫ్రాంక్ థామస్, ఆలీ జాన్‌స్టన్ 1981లో రాసిన పుస్తకంలో యానిమేషన్‌కు పన్నెండు సూత్రాలు చెప్పారు, అందులో ఇదొకటి. పుస్తకం చదువుదువు గానీ, ముందు గొర్రెను చూడు, సూత్రం అక్కడే ఉంది.

పిల్ల మొహం దగ్గరగా చూపించే రెండు సెకన్లలో ఏం చేయించాలా అని బెంగపడకు. 'ఈగ' గుర్తు తెచ్చుకో. 2012లో వచ్చినప్పుడు ఆ ఈగ నోట ఒక్క మాట లేదు, కనుబొమలు లేవు. చేతులు, తల వాలు, ఆగిన తీరు, వీటితోనే హాలంతా దాని వెంట పడింది. నీ పిల్లకు పెద్ద చెవులున్నాయి. హారన్ మోగగానే ఒక చెవి మాత్రం తిరగనీ, తల కదలకుండా. నాకు తెలిసి ఆ షాటుకు అంతకంటే ఏమీ అక్కర్లేదు.

అవ్వ పరుగు నీకు ఇంకా తేలిక. చీర కట్టు కాబట్టి కాళ్ళు పాదాల దాకా కనపడవు. కానీ పరిగెత్తే అవ్వ ఒక చేత్తో కుచ్చిళ్ళు ఎత్తి పట్టుకుంటుంది, రెండో చెయ్యి మూట మీద ఉంటుంది, నడుము ముందుకు వంగుతుంది. ఆ మూడూ పట్టుకుంటే మన ఊరి అవ్వే కదులుతుంది. అందుకు శరీరాన్ని ముక్కలుగా గీసి, భుజం దగ్గర, మోచేయి దగ్గర, నడుము దగ్గర కీళ్ళు పెట్టి కదిలించే పద్ధతి బ్లెండర్‌లో ఉంది, చాలా సాఫ్ట్‌వేర్లలో ఉంది. మెనూల్లో దాన్ని చూసి కొత్త విద్య అనుకోవద్దు. మన తోలుబొమ్మలాట వాళ్ళు మేకతోలును పలుచగా చేసి, రంగులేసి, చేతులను భుజం దగ్గరా మోచేయి దగ్గరా దారంతో ముడివేసి, పుల్లతో ఆడించేది అదే. జుట్టుపోలిగాడు, బంగారక్క ఒకరినొకరు తిట్టుకుంటూ చేతులూపే తీరు ఎప్పుడైనా ఆట దొరికితే తెర వెనక కూర్చుని చూడు. నోరు కదలదు, చేతుల్లోనే తిట్టు వినపడుతుంది. జర్మనీలో లోట్టె రైనిగర్ అనే ఆమె 1926లో కత్తిరించిన నల్ల కాగితం బొమ్మలతో 'ప్రిన్స్ అచ్మెద్' కథను పూర్తి సినిమాగా తీసింది, ఆ పనీ ఈ కుటుంబంలోదే. నిమ్మలకుంట దళవాయి చలపతిరావు గారికి 2020లో పద్మశ్రీ ఇచ్చారు, తోలుబొమ్మల కళకే. మన రాష్ట్రంలో ఇంత ఉండగా కీళ్ళబొమ్మ ఎట్టా కదలాలో నేర్చుకోవడానికి పరాయి వీడియోలే గతి అనుకోకు.

ఏఐ ఉండగా ఇదంతా ఎందుకు అని నీ స్నేహితులు అంటున్నారన్నావు. వాళ్ళతో పోట్లాడకు. ఇక్కడ స్టూడియోల్లోనూ దాన్ని వాడుతున్నారు, కొన్ని పనులు దానికి పోతాయి, ముందే తెలుసుకుని ఉండు. కానీ తలుపు ఎటు వైపు ఉండాలో, అవ్వను మొదటి షాటులోనే చూపించాలో లేదో, గొర్రెకు ఉన్ని ఉంటుందో ఉండదో నిర్ణయించే మనిషి కావాలి. నేను ఆ మనిషివి కమ్మంటున్నాను. బోర్డు వేయగలిగినవాడికి ఏ పనిముట్టు వచ్చినా భయం లేదు.

చదువు సంగతి. ఇంటర్ అయ్యాక ఇంజనీరింగే అని నాన్న పట్టుబట్టినా, ఈ దారులున్నాయని చెప్పు. కడపలో డాక్టర్ వైఎస్సార్ ఆర్కిటెక్చర్ అండ్ ఫైన్ ఆర్ట్స్ యూనివర్సిటీ 2020లో వచ్చింది, అక్కడ బీఎఫ్ఏకి ప్రవేశ పరీక్ష రాయాలి. మనకు దగ్గర. హైదరాబాదులో జవహర్‌లాల్ నెహ్రూ ఆర్కిటెక్చర్ అండ్ ఫైన్ ఆర్ట్స్ యూనివర్సిటీలో యానిమేషన్‌లో బీఎఫ్ఏ ఉంది. అహ్మదాబాదు ఎన్ఐడీలో యానిమేషన్ ఫిల్మ్ డిజైన్ ఉంది, దానికి డాట్ పరీక్ష. పోటీ ఎక్కువే. వాటన్నిటిలోనూ చూసేది చెయ్యి, చూపు, ఆలోచన. ఇప్పుడు నువ్వు గొర్రెల వెంట తిరిగి నింపే స్కెచ్‌పుస్తకమే ఆ పరీక్షలకు కోచింగు. ఇంజనీరింగులో చేరినా సాయంత్రాలు నీవే, ఈ విద్య ఆగదు. ఉద్యోగాల గురించి నీకు తీపి మాటలు చెప్పను. ప్రాజెక్టు ఉన్నప్పుడు రాత్రీ పగలూ పని, అయిపోగానే కొందరిని ఇంటికి పంపడం ఈ రంగంలో మామూలు. బోర్డు వేసేవాళ్ళకు, కదలిక బాగా తెలిసినవాళ్ళకు పని దొరకడం కొంచెం నయం, అంతవరకు ఖాయంగా చెప్పగలను.

తెలుగులో యానిమేషన్ ఎవరు చూస్తారన్న దిగులు మాత్రం వదిలేయ్. 2006లో 'కిట్టు' అనే కోతి కథ తెలుగులో పూర్తి నిడివి యానిమేషన్‌గా వచ్చి జాతీయ అవార్డు తెచ్చుకుంది. మొన్న 2025లో 'మహావతార్ నరసింహ'కు మన ఊళ్ళలో హాళ్ళు ఎట్టా నిండాయో నువ్వే రాశావు నాకు. చూసేవాళ్ళు ఉన్నారు. మన రోడ్డు, మన బస్సు, మన గొర్రె ఉన్న బొమ్మలు మాత్రం తక్కువ ఉన్నాయి. నువ్వు ఇంకో జపాన్ కుర్రాడిని గీస్తే అది వాళ్ళు గీసినంత బాగా రాదు. జోడిపి పిల్లను నీకంటే బాగా గీయగలవాడు అక్కడ లేడు.

పరీక్షలకు చదువు మానకు. రోజుకు ఒక గంట దీనికి పెట్టుకో, సాయంత్రం మంద ఇంటికి తిరిగొచ్చే వేళ అయితే మరీ మంచిది. ఫైలును ప్రతిసారీ కొత్త నంబరుతో దాచుకో, కరెంటు పోతే పోయేది ఒక్క గంట పని అయి ఉండాలి.

వచ్చే ఆదివారానికి ఎనిమిది షాట్ల బోర్డు పెన్సిలుతో గీసి, ఫోటో తీసి నాకు పంపు. నాయనమ్మ కథ ఎట్టా చెప్పిందో కూడా రాయి. లాప్‌టాప్ అప్పటిదాకా తెరవొద్దు. అమ్మానాన్నలకు నమస్కారాలు చెప్పు.

ఇట్లు,
మీ అక్క